ట్రిప్ షీట్

బరంపురం మునిసిపాలిటీ వాన్ నడుపుతాను.
పగలు ఇందులో కుక్కల్ని పడతాం.
ఎవరైనా పెద్దమనిషి ఊళ్ళోకి వస్తున్నాడంటే
రాత్రి మనుషుల్ని.
మధ్యలో కడగడానికి టైమివ్వరు.

పాణిగ్రాహి బాబు టార్చి పట్టుకుని ముందు నడుస్తాడు.
బస్టాండు, ఆసుపత్రి గోడ, స్టేషను మెట్లు.
"ఉఠొ, ఉఠొ" అంటాడు, మెల్లగానే.
చెడ్డవాడు కాదు,
ఆయన మొహం మీదా ఎవరో టార్చి వేసే ఉంటారు.

ట్రిప్ షీట్‌లో రాయాల్సింది కొంచెమే:
బయల్దేరిన చోటు, చేరిన చోటు, కిలోమీటర్లు, డీజిలు.
మనుషులకి గడి లేదు.
సరుకు అన్నచోట ఒడియాలో
"అన్యాన్య" అని రాస్తాను.

గిరిసోలా గేటు దాటి
ఇచ్ఛాపురం ఇవతల, వంతెన పక్కన దించేస్తాం.
ఆంధ్రావోళ్ళు ఆంధ్రాకే, అంటారు మా ఆఫీసులో.
నాలుగు రోజులకి అటునుంచి ఇంకో వాన్ వస్తుంది.
డ్రైవరు కంచిలి కుర్రాడు, గేటు దగ్గర కలిసి టీ తాగుతాం.
ఒడిశావోళ్ళు ఒడిశాకే, అంటారట వాళ్ళ ఆఫీసులో.
మనుషులు వాళ్ళే.
దుప్పట్లు కూడా అవే.

డిల్లెమ్మ నన్ను చూస్తే నవ్వుతుంది.
"ఏటి బాబూ, ఈపాలి నెల తిరక్కుండానే వచ్చీసినావు?"
టిక్కెట్టు కొన్నదానిలా కిటికీ పక్కన కూర్చుని
గిన్నెని ఒళ్ళో బోర్లిస్తుంది.
బండిలో అడక్కూడదు గదా, అంటుంది.

కూర్మయ్యది డేరా వీధి.
ముప్పై ఏళ్ళు పట్టు నేశాడు, కుంభాల అంచు.
చూపెలా పోయిందో, మగ్గమెప్పుడు పోయిందో,
ఇల్లు ఎవరు రాయించుకున్నారో చెప్పడు.
"పోగు తెగింది" అంటాడు, అంతే.
ఒక రాత్రి గేటు లైట్ల కింద అడిగాడు:
"నాడె ఇటూ అటూ తిరిగితే
మూరెడు బట్టయినా వస్తాది.
నన్నిన్నిసార్లు తిప్పినారు.
ఏటి నేస్తన్నారు బాబూ?"

నేను గేరు మార్చాను.

కౌన్సిల్లో ఈ సంగతి మాట్లాడిన రోజు
తాళాల కోసం తలుపు దగ్గర నిల్చుని విన్నాను.
చిల్లర వేస్తే బద్ధకం పెరుగుతుందన్నారొకరు.
మెట్ల మీద ఇనప మేకులు దిగ్గొడదామన్నారు ఇంకొకరు.
మూడో ఆయన, భిక్ష వేయకండి అని బోర్డులు పెడదామన్నాడు.
ఏ భాషలో అన్నదాని మీద
మధ్యాహ్నం దాకా గడిచింది.

బస్టాండు వెనక రాత్రి బస ఒకటి ఉంది.
రెండేళ్ళ కిందట రిబ్బను కత్తిరించారు, ఇరవై మంచాలు.
వాటిమీద వెదురుబొంగులు, రేకులు.
పెద్దమనుషులు వచ్చినప్పుడు నిలబెట్టే స్వాగత ద్వారం
మిగతా రోజులు అక్కడే,
కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది.

మొన్న మంచు.
గిరిసోలాలో లారీలు బారులు తీరాయి.
పాణిగ్రాహి బాబు ఎప్పట్లాగే
ఇంటిమలుపులో దిగిపోయాడు.
వెనక ఎవరో దగ్గుతున్నారు, ఆగకుండా.
ఎందుకు తిప్పానో అడిగితే
నా దగ్గర మంచి జవాబు లేదు.
స్టీరింగు తిరిగింది, దానివెనక నేను.

రాత్రి రెండింటికి స్టోర్‌కీపర్ని లేపాను.
తువ్వాలు చుట్టుకుని వచ్చి
ఆర్డరుందా, అన్నాడు.
ఉందన్నాను.
ఎవరిదని అడగలేదు, తాళాలగుత్తి ఇచ్చాడు.

స్వాగత ద్వారాన్ని ఇద్దరం మోసి
బయట గోడకి చేరేశాం.
చీకట్లో తెలీలేదు,
అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

"పొద్దున్న లేపీస్తారా?" అంది డిల్లెమ్మ.
తెలీదన్నాను.
"అయితే బేగి తొంగుంటాను."

కూర్మయ్య మంచాన్ని తడిమి చూశాడు.
"ఎవుడు నేసినాడీ నవారు? బిగువు లేదు."
తెల్లారేదాకా విప్పుతూ బిగిస్తూ
అక్కడే కూర్చున్నాడు.

బయల్దేరిన చోటు: బరంపురం.
చేరిన చోటు: బరంపురం.
కిలోమీటర్లు నలభై ఆరు.
మెమో వస్తుంది, డీజిలు జీతంలో కోస్తారు.

సరుకు గడి కొట్టేసి
పక్కన ఖాళీలో పేర్లు రాశాను.
ఐదు వచ్చాయి.
ఆరో మనిషి దగ్గుతూ దగ్గుతూ నిద్రపోయాడు.
రెండేళ్ళుగా మోస్తున్నాను, ఏనాడూ అడగలేదు.
లేచాక అడగాలి.